పదో మనిషి కోసం: ముంబయి యూదుల మందిరంలో ఒక వారం

(ముంబయిలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ నగరంతో తెలుగువారి సంబంధం ఈనాటిది కాదు. రాళ్లు మోసి, గోడలు కట్టి, రోడ్లు వేసిన మన కామాఠీల పేరు మీదే కామాఠీపురా వెలసింది. ఆ పేటకు కూతవేటు దూరంలో, బైకల్లాలో, నీలి రంగు వేసిన ఒక పాత భవనం ఉంది. మనలో చాలామంది బస్సులోంచి దాన్ని చూసే ఉంటారు. పేరు మాగెన్ డేవిడ్. బాగ్దాదు నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారంలో స్థిరపడిన డేవిడ్ ససూన్ దాన్ని 1861లో కట్టించారు. అది యూదుల ప్రార్థనా మందిరం, సినగాగ్. అలాంటిదే ఆగ్రిపాడాలో ఒకటి ఉంది, జాకబ్ సర్కిల్ దగ్గర ఒకటి, మసీదు స్టేషను దగ్గర శామ్యూల్ స్ట్రీట్‌లో ఒకటి, కాలాఘోడా దగ్గర ఒకటి. ఇన్నేళ్లుగా పక్కపక్కనే బతుకుతున్నాం. అయినా ఆ గడపల లోపల వారమంతా ఏం జరుగుతుందో మనకు దాదాపుగా తెలియదు. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

తెలుగు బైబిలు చదివినవారికి సమాజమందిరం అనే మాట పరిచయమే. యేసు విశ్రాంతి దినాన వెళ్లి బోధించిన సమాజమందిరాలు ఇవే. లోపల విగ్రహం ఉండదు, పటం ఉండదు. యెరూషలేము దిక్కుగా ఉన్న గోడకు ఒక బీరువా, అందులో తోరా, అంటే బైబిల్లోని మొదటి ఐదు కాండాలు, చేతిరాతతో రాసిన చుట్టలు ఉంటాయి. మనకు యెరూషలేము పడమట ఉంది కాబట్టి ఇక్కడివాళ్లు పడమటి వైపు తిరిగి ప్రార్థిస్తారు. ఆ బీరువా ముందు ఎప్పుడూ ఆరని దీపం, గది మధ్యలో చదవడానికి ఎత్తయిన వేదిక, పై అంతస్తులో స్త్రీలు కూర్చునే వసారా. వస్తువులుగా చూస్తే ఇంతే.

చూడటానికి వెళ్లినవాళ్లు సాధారణంగా అడిగేవి భవనం వయసు, పాలరాయి ఎక్కడిది, వేలాడే దీపాలు ఎవరు ఇచ్చారు. అక్కడ ప్రార్థన జరిపించే హజాన్ మాత్రం ప్రతి ఉదయం వేరే ప్రశ్నతో తలుపు తీస్తారు: ఇవాళ ఎంతమంది వస్తారు? ఎందుకంటే యూదుల సామూహిక ప్రార్థనకు పదిమంది కావాలి. పదమూడేళ్లు నిండిన పదిమంది పురుషులు. ఆ కూడికను మిన్యాన్ అంటారు. తొమ్మిదిమందే ఉంటే ఎవరి ప్రార్థన వారు చేసుకోవచ్చు. కానీ తోరా చుట్టను బయటకు తీసి చదవకూడదు. కొన్ని ముఖ్యమైన స్తుతులు పలకకూడదు. పెద్ద పండితుడు ఉన్నా ఆ లోటు తీరదు. పండితుడు లేకపోయినా, పదిమంది మామూలు మనుషులు చేరితే చాలు, మందిరం నడుస్తుంది. ఆ మతంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచిన ఏర్పాటు ఇది. కట్టడాన్ని కాపాడటం గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. మందిరం బతికి ఉందా లేదా అన్నది మాత్రం ఈ పదిమంది మీదే ఆధారపడి ఉంది.

కొచ్చిని చూడండి. మట్టాంచెరిలోని పరదేశీ సినగాగ్ 1568లో కట్టింది. నేల మీద చేత్తో బొమ్మలు వేసిన చైనా పలకలు, పైన గాజు దీపాలు. రోజూ యాత్రికులు బారులు తీరుతారు. కానీ ఆ పరదేశీ యూదుల్లో అక్కడ మిగిలింది ఒకరిద్దరే. బయటి నుంచి యూదు యాత్రికులు వచ్చి పదిమంది పూర్తయితేనే ప్రార్థన. కోల్‌కతాలో మూడు పెద్ద మందిరాలున్నాయి, యూదులు ఇరవైమంది కూడా లేరు. అక్కడ తరతరాలుగా తాళాలు తీసి, నేల తుడిచి, దీపాలు చూసుకుంటున్నది ఒడిశా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు. ఆ కుటుంబాల నిష్ఠకు చేతులెత్తి దండం పెట్టాలి. అయినా ఎంత శుభ్రంగా ఉంచినా, పదిమంది లేని చోట చుట్ట బీరువాలోనే ఉండిపోతుంది.

ముంబయి, ఠాణే ప్రాంతంలో మాత్రం పదిమంది ఇప్పటికీ వస్తున్నారు. దేశంలో యూదులందరూ కలిపి సుమారు ఐదు వేలు. వారిలో ఎక్కువమంది ఈ రెండు నగరాల చుట్టుపక్కలే ఉన్నారు. వీరిలో అత్యధికులు బెనె ఇజ్రాయిల్ అనే సమాజం వారు. ఇంటి భాష మరాఠీ. ప్రార్థన భాష హీబ్రూ.

వారి పూర్వులు ఎక్కిన ఓడ అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ తీరాన పగిలిపోయిందని, ఏడుగురు పురుషులు, ఏడుగురు స్త్రీలు మాత్రమే ప్రాణాలతో ఒడ్డుకు చేరారని వారు చెప్పుకుంటారు. కొంకణ పల్లెల్లో గానుగ ఆడించి నూనె తీసి బతికారు. శనివారం గానుగ కట్టేవారు కాదు. అందుకే ఊరివాళ్లు వాళ్లను శనివార్ తేలీ అని పిలిచారు. గ్రంథం పోయింది, భాష పోయింది, మందిరం లేదు. మిగిలినవి శనివారపు విశ్రాంతి, మగపిల్లలకు సున్నతి, పొలుసులు లేని చేపను తినకపోవడం, ‘ఇశ్రాయేలూ వినుము’ అని మొదలయ్యే ఒక్క ప్రార్థన. పుట్టుకకూ పెళ్లికీ చావుకూ ఆ ఒక్క ప్రార్థననే చెప్పుకుంటూ వందల ఏళ్లు నిలబడ్డారు. ఇంటిపేర్లు ఊళ్ల పేర్ల నుంచి వచ్చాయి: దివేకర్, పెణ్‌కర్, కెహిమ్‌కర్.

తర్వాత ముంబయికి వలస వచ్చి కంపెనీ సైన్యంలోనూ, రైల్వేలోనూ, మిల్లుల్లోనూ, కచేరీల్లోనూ చేరారు. వారిలో శామ్యూల్ ఎజెకీల్ దివేకర్ అనే సైనికాధికారి మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాను సైన్యానికి బందీగా చిక్కారు. బతికి బయటపడితే మందిరం కట్టిస్తానని మొక్కుకున్నారని వారి సంప్రదాయం. 1796లో కట్టించిన ఆ మందిరమే షార్ హరహమీమ్, బెనె ఇజ్రాయిల్ వారికి ఈ నగరంలో మొదటిది. శామ్యూల్ స్ట్రీట్ ఆయన పేరే. తోరా చుట్టలు తెద్దామని కొచ్చికి వెళ్లి ఆయన అక్కడే కన్నుమూశారు. ఆ తరువాతి కాలంలో కొచ్చి యూదులే ఇక్కడికి వచ్చి హీబ్రూ ప్రార్థనలు నేర్పారు. ఠాణేలోని షార్ హషమాయిమ్ 1879 నాటిది. ఇప్పుడు కుటుంబాలు ఎక్కువగా అటువైపే ఉండటంతో సందడి అంతా అక్కడే.

ఇక వారం సంగతికి వస్తాను. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. శనివారం చీకటి పడగానే కొత్త వారం మొదలు. మామూలు రోజుల్లో ఉదయం ప్రార్థన తొందరగా అయిపోతుంది. ఆఫీసులకు వెళ్లేవాళ్లు భుజాన శాలువా కప్పుకుని, నుదుటికీ ఎడమ చేతికీ తోలు పెట్టెలు కట్టుకుని, పూర్తికాగానే అవి మడిచి సంచిలో పెట్టుకుని లోకల్ రైలు అందుకోవడానికి పరుగెడతారు. సోమవారం, గురువారం మాత్రం కొంచెం ఆలస్యమవుతుంది, ఆ రెండు రోజులూ తోరాలో కొంత భాగం చదువుతారు కాబట్టి. పూర్వకాలంలో పల్లెలవాళ్లు సంతకు వచ్చే రోజులు అవి. మనుషులు ఎలాగూ పోగయ్యే రోజునే చదువు పెట్టారు.

వారం మధ్యలో పదిమంది ఎందుకు వస్తారు? దీనికి జవాబు ఎక్కువగా ఒక్కటే. ఎవరింట్లోనో ఎవరో పోయి ఉంటారు.

తల్లో తండ్రో చనిపోతే కొడుకు పదకొండు నెలల పాటు కద్దీష్ అనే ప్రార్థన చెప్పాలి. అరమాయిక్ భాషలో ఉంటుంది. అందులో చావు అన్న మాట రాదు, పోయినవారి పేరు రాదు. ఆద్యంతం దేవుని నామాన్ని కీర్తించడమే. దుఃఖంలో ఉన్న మనిషి నిలబడి దాన్ని పలకాలి, చుట్టూ ఉన్నవారు ‘ఆమేన్’ అనాలి. ఆ ఆమేన్ అనడానికి పదిమంది ఉండాలి. ఒంటరిగా చెప్పుకోవడానికి లేదు. ఒక బ్యాంకు గుమాస్తా తండ్రిని పోగొట్టుకున్నాడనుకోండి. అతని దుఃఖం అతనిదే, కానీ దాన్ని నోటితో పలకాలంటే మరో తొమ్మిదిమంది పొద్దున్నే లేచి స్నానం చేసి రావాలి. అందులో అతనితో మాటలు లేనివాడు ఉండవచ్చు, మందిరం కమిటీ ఎన్నికల్లో ఎదుటి జట్టులో నిలబడ్డవాడు ఉండవచ్చు. అయినా వస్తారు. రేపు తమ ఇంట్లో అవసరం పడితే ఇతనూ రావాలి. ఏడుగురో ఎనిమిదిమందో అయినప్పుడు హజాన్ ఫోను తీస్తారు. దగ్గరలో ఉన్న ముసలాయనకు, సెలవు మీద ఇంట్లో ఉన్న కుర్రవాడికి కబురు వెళుతుంది. కొలాబాలో బస చేసిన ఇజ్రాయిల్ యాత్రికుడు దారి వెతుక్కుంటూ వస్తే అతన్నీ లెక్కలో చేర్చుకుంటారు. పదో మనిషి గుమ్మం దాటేసరికి గదిలో అందరూ అతని వైపు తిరిగి చూస్తారు. ఆ చూపులో ఎంత ఆదరణ ఉంటుందో నేను చూశాను. పదమూడేళ్లు నిండిన పిల్లవాడికి చేసే వేడుకలో పెద్దవాళ్ల కళ్లు చెమర్చడానికి కూడా ఇదొక కారణం. లెక్కకు ఒకరు పెరిగారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఈ పదిమందిలో స్త్రీలను లెక్కించరు. సనాతన పద్ధతి పాటించే మందిరాలన్నిటిలోనూ ఇదే నియమం. ఇంట్లో శనివారాన్ని నిలబెట్టేది స్త్రీలు, పిల్లలకు మొదటి ప్రార్థన నేర్పేది స్త్రీలు. మనుషులే తక్కువైన చోట వారిని లెక్క బయట ఉంచడం నాకు బాధగానే ఉంటుంది. ఈ ప్రశ్న వారిలోనూ ఎప్పుడో పుట్టింది. కామా ఆసుపత్రిని నడిపిన ప్రసిద్ధ వైద్యురాలు డాక్టర్ జెరూషా ఝిరాడ్ బెనె ఇజ్రాయిల్ మహిళ. ఉదార పద్ధతిలో ప్రార్థన జరిపే ఒక సంఘాన్ని 1925లో ఇదే నగరంలో స్థాపించినవారిలో ఆమె ముఖ్యురాలు. తర్వాత 1966లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

గురువారం నుంచి ఇళ్లలో హడావిడి మొదలవుతుంది. శనివారం పొయ్యి వెలిగించకూడదు కాబట్టి రెండు పూటల వంటా ముందే కావాలి. మాంసం శాస్త్రోక్తంగా కోసినదే తినాలి. ప్రార్థన జరిపే హజానే చాలాచోట్ల ఆ పనీ చేస్తారు. మాంసంతో పాలు, పెరుగు, నెయ్యి కలపకూడదన్నది మరో నియమం. అందుకని కూరల్లో కొబ్బరిపాలు పోస్తారు. కొంకణ తీరంలో కొబ్బరికి కొదవ లేదు కదా, నియమమూ నిలబడింది, రుచీ కుదిరింది.

శుక్రవారం సూర్యాస్తమయానికి ఆచారం ప్రకారం 18 నిమిషాల ముందు ఇంటి ఇల్లాలు దీపం వెలిగిస్తుంది. అక్కడి నుంచి పని ఆగిపోతుంది. రాయకూడదు, డబ్బు ముట్టకూడదు, నిప్పు రాజేయకూడదు. మందిరంలో సాయంత్రపు ప్రార్థనలో విశ్రాంతి దినాన్ని పెళ్లికూతురిగా భావించి ఆహ్వానించే కీర్తన పాడతారు. పేరు లెఖా దోదీ. గలిలయలోని సఫెద్ పట్టణంలో 16వ శతాబ్దంలో శ్లోమో అల్కబెట్జ్ రాశారు. చివరి చరణం దగ్గర అందరూ లేచి గుమ్మం వైపు తిరిగి తల వంచుతారు. ప్రార్థన అయ్యాక ద్రాక్షరసం మీద ఆశీర్వచనం చెబుతారు. ఇక్కడివాళ్లు ద్రాక్షసారాకు బదులు ఎండు ద్రాక్ష నానబెట్టి పిండిన షర్బత్ వాడుతూ వచ్చారు. ఆ తర్వాత ఒకరికొకరు రెండు చేతులు చాచి, ఎదుటివారి చేతులను తాకి, తమ వేళ్లను పెదవులకు ఆనించుకుంటారు. చిన్నా పెద్దా అందరూ అందరి దగ్గరకూ వెళ్లి ఇలా చేస్తారు. ఏ ఒక్కరినీ పలకరించకుండా వదలరు.

శనివారం ఉదయం బీరువా తెరుస్తారు. వెండి తాపడం చేసిన చెక్క భరిణెలో నిలువుగా నిలబెట్టిన చుట్ట, దాని మీద చిరుగంటలు. దాన్ని ఎత్తుకుని నడుస్తుంటే పక్కనున్నవారు చెయ్యి చాచి తాకి కళ్లకద్దుకుంటారు. చుట్టలో 3,04,805 అక్షరాలు. ఒక్క అక్షరం చెరిగిపోయినా సరిచేసేదాకా దాన్ని చదవరు. అచ్చుల గుర్తులు ఉండవు, స్వరాల గుర్తులు ఉండవు. చదివేవారికి రెండూ కంఠతా రావాలి. వేలితో తాకకుండా చిన్న వెండి పుల్లతో వరుస వెంట జరుపుతూ రాగయుక్తంగా చదువుతారు. ఏడుగురిని పేరు పేరునా, ఫలానావారి కుమారుడు ఫలానా అని పిలిచి వేదిక ఎక్కిస్తారు. ఆ పిలుపు గౌరవం. పెళ్లి కుదిరినవాడు, పరీక్ష నెగ్గినవాడు, జబ్బు నుంచి లేచినవాడు, తండ్రి ఆబ్దికం దగ్గరపడ్డవాడు, ఆ వారం ఎవరి ఇంట్లో ఏం జరిగిందో ఆ పిలుపుల్లోనే అందరికీ తెలిసిపోతుంది. మందిరానికి ఇస్తామన్న విరాళం ఆ రోజు నోటిమాటే. రాసుకోవడానికి వీల్లేదు, అక్కడే ఇవ్వడానికీ వీల్లేదు. వారం రోజుల్లో తెచ్చి ఇస్తారు.

మొత్తం తోరాను 54 భాగాలు చేసి ఏడాదిలో పూర్తి చేస్తారు. పూర్తయిన రోజునే మళ్లీ ఆదికాండం మొదటి మాట ఎత్తుకుంటారు. ఒకే శనివారం ఠాణేలో, న్యూయార్కులో, కాసాబ్లాంకాలో ఒకే భాగం చదువుతారు. ఇజ్రాయిల్‌లోని హైఫాకు వెళ్లిపోయిన మనవడు ఈ వారం ఏం విన్నాడో ఠాణేలో ఉన్న తాతకు దాదాపు ఎప్పుడూ ఉత్తరం రాకుండానే తెలుస్తుంది.

శనివారం చీకటి పడి మూడు చుక్కలు కనిపించాక, ద్రాక్షరసం, సుగంధ ద్రవ్యం, అల్లిన వత్తుల దీపంతో వీడ్కోలు పలుకుతారు. మొక్కు తీరినవారు, పెళ్లి పెట్టుకున్నవారు, ప్రయాణం కట్టినవారు మలీదా చేయిస్తారు. ఇది బెనె ఇజ్రాయిల్ వారి సొంత ఆచారం. అటుకులు తడిపి, కొబ్బరి కోరు, తీపి, ఏలకులు, ఎండు ద్రాక్ష కలిపి పళ్లెంలో రాశిగా పోసి, చుట్టూ పళ్లు అమర్చి, ఏలీయా ప్రవక్తను తలుచుకుంటూ పాడతారు. చెట్టున పండినదానికి ఒక ఆశీర్వచనం, నేలన పండినదానికి ఒకటి, పరిమళానికి ఒకటి. తర్వాత దొప్పల్లో పంచుతారు. ఇరుగుపొరుగు ఎవరున్నా పెడతారు.

1948 తర్వాత వేల కుటుంబాలు ఇజ్రాయిల్‌కు తరలిపోయాయి. అక్కడ కొందరు మతపెద్దలు వీరిని పూర్తి యూదులుగా ఒప్పుకోవడానికి సంకోచించారు. వీరు వీధుల్లోకి వచ్చి పోరాడారు. 1964లో ఆ అడ్డు తొలగింది. ఇక్కడ మందిరాలు పలచబడ్డాయి, మందిరం దగ్గరే ఉండిన ఇళ్లు కూడా దూరపు శివార్లకు మారాయి. శనివారం బండి ఎక్కకూడదన్న నియమానికీ, ఎక్కకపోతే పదిమంది కారన్న భయానికీ మధ్య ఒక్కో కుటుంబం ఒక్కో దారి ఎంచుకుంది. తప్పు పట్టే హక్కు బయటివాళ్లం మనకు లేదు. బైకల్లా మందిరం ఆవరణలో యూదు పిల్లల కోసం పెట్టిన బడుల్లో ఇప్పుడు చదువుకుంటున్నది ఎక్కువగా ముస్లిం పిల్లలు. 2008 నవంబరు 26న కొలాబాలోని యూదుల కేంద్రం నరీమన్ హౌస్‌పై ఉగ్రవాదులు దాడి చేశాక ప్రతి మందిరం ముందూ పోలీసు కాపలా వచ్చింది. పూర్వం ఊరకనే తెరిచి ఉండే గేటు దగ్గర ఇప్పుడు గుర్తింపు కార్డు చూపాలి.

మన తెలుగునేల మీద కూడా ఒక సినగాగ్ ఉందని మీలో కొందరికైనా కొత్త సంగతి కావచ్చు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే కుటుంబాలున్నాయి. దళిత కుటుంబాలు, ఒకప్పుడు బాప్టిస్టు సంఘంలో ఉన్నవారు. తమ పూర్వులు ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము వంశంవారని వారి విశ్వాసం. 1990ల తొలి రోజుల్లో అక్కడ చిన్న మందిరం వెలిసింది. హీబ్రూ అక్షరాలు దిద్దుకున్నారు, శనివారం పని మాని ప్రార్థనకు కూడుకుంటున్నారు, మాట్లాడేది మన తెలుగే. ఇజ్రాయిల్ ప్రభుత్వం వారిని ఇంకా యూదులుగా గుర్తించలేదు. వంశం సంగతి తేల్చడానికి నేను చరిత్రకారుణ్ణి కాను. పొలం పనికి పోతేగానీ పూట గడవని మనిషి వారంలో ఒక రోజు కూలి వదులుకుని ప్రార్థనకు వస్తున్నాడంటే ఆ నిష్ఠను నేను తక్కువ చేసి చూడలేను. అక్కడ పదిమందికి కొరత లేదు. ఆ పదిమందిని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని దూరాన ఎవరో తేల్చాల్సి ఉంది. ముంబయి వారికి 1964 దాకా ఎదురైన ప్రశ్న కూడా ఇలాంటిదే.

మీలో ఎవరైనా వెళ్లి చూడాలనుకుంటే ముందుగా ఫోను చేసి అడగండి, గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్లండి. మగవాళ్లు తల మీద టోపీ పెట్టుకోవాలి, గుమ్మం దగ్గర వాళ్లే ఇస్తారు. శనివారమైతే ఫోను బయటకు తీయకండి, ఫొటోలు వద్దు. హుండీలో డబ్బు వేయాలనిపిస్తే మరో రోజు వెళ్లి వేయండి. వెనక బల్ల మీద కూర్చుని, వాళ్లు లేచినప్పుడు లేవండి. మనం ఆ పదిమంది లెక్కలోకి రాము. అయినా చివర్లో ఎవరో ఒకరు తప్పకుండా మీ దగ్గరకు వచ్చి రెండు చేతులూ చాస్తారు, షర్బత్ గ్లాసు అందిస్తారు. కాదనకుండా తీసుకోండి.

నమస్కారం. ప్రశ్నలుంటే అడగండి, నాకు తెలిసినంతలో చెబుతాను.